హస్కీ పిల్ల పెంపకం: శిక్షణతో మారేవి, ఎన్నటికీ మారనివి

1913లో అలాస్కాలోని నోమ్ పట్టణంలో, నార్వే నుంచి వలస వచ్చి, మంచు మీద కుక్కల బండ్లు నడిపే లియోన్‌హార్డ్ సెప్పాలా కుక్కలశాలలో ఒక మగ హస్కీ పిల్ల పుట్టింది. చిన్నతనంలోనే జబ్బుచేసి చిక్కిపోయిన ఆ పిల్ల బండి లాగడానికి పనికిరాదని, పైగా దాని అల్లరి పట్టలేనిదిగా ఉందని, సుమారు ఆరు నెలల వయసులో సెప్పాలా దానిని పెంచుకొమ్మని ఒక ఇంటికి ఇచ్చేశాడు. కొద్దికాలానికే అది మూసి ఉన్న కిటికీ అద్దాన్ని బద్దలుకొట్టుకుని బయటికి దూకి, మైళ్ళ దూరం పరుగెత్తి, పుట్టిన చోటికే తిరిగివచ్చింది. ఆ తరువాత కూడా కంచె దాటి పారిపోవడం, జట్టు ప్రయాణం మీద వెళ్తుంటే వెంటపడి కవ్వించడం, ఎదురుగా వచ్చే పరాయి బండ్ల కుక్కల మీదికి ఉరకడం మానలేదు. ఎనిమిది నెలల వయసులో ఒకరోజు అలా వెంటపడి వచ్చినప్పుడు, ఇక వేరే దారి లేక సెప్పాలా దానికి పట్టీలు తొడిగి జట్టులో కట్టాడు. కట్టిన మరుక్షణం పిల్ల కుదురుకుంది. ఆ రోజు ముగిసేసరికి 75 మైళ్ళు పరుగెత్తి, జట్టును నడిపించే కుక్కకు సరిజోడుగా ముందువరుసకు చేరుకుంది. దాని పేరు టోగో. 1925 జనవరి చివరలో నోమ్‌లో డిఫ్తీరియా వ్యాపించి, మందును 674 మైళ్ళ దూరం కుక్కల బండ్ల మీద అంచెలంచెలుగా తరలించవలసి వచ్చినప్పుడు, అన్నిటికంటే పొడవైన, ప్రమాదకరమైన అంచెను దాటించిన జట్టుకు ముందు నడిచింది 12 ఏళ్ళ వయసున్న ఈ టోగోయే.

ఇవాళ హస్కీ పిల్లను తెచ్చుకున్న ఇళ్ళలో వినిపించే ఫిర్యాదులు దాదాపు ఇవే: పిలిస్తే రాదు, గేటు తెరిస్తే పారిపోతుంది, గొలుసు పట్టుకున్నవారిని ఈడ్చుకుపోతుంది, ఒంటరిగా వదిలితే ఊళలు పెడుతుంది, సోఫా చీల్చేస్తుంది, చెప్పింది అర్థమైనా అర్థం కానట్టు చూస్తుంది. వీటన్నిటినీ కలిపి మొండితనం అనేస్తాం. కాని ఇందులో కొన్ని కేవలం నేర్పకపోవడం వల్ల వచ్చినవి, కొన్ని వేల ఏళ్ళ ఎంపిక వల్ల రక్తంలో ఇంకినవి, మరికొన్ని శరీర నిర్మాణానికి సంబంధించినవి. మొదటి రకాన్ని శిక్షణతో మార్చవచ్చు. రెండవ రకాన్ని పూర్తిగా మార్చలేం, ఏర్పాట్లతో అదుపులో ఉంచుకోగలం. మూడవ రకం మారదు, మనమే మారాలి. హస్కీ పెంపకంలో తగిలే ఎదురుదెబ్బల్లో అధికభాగం ఈ మూడింటినీ ఒకే గాటన కట్టడం వల్ల వస్తున్నవే.

వేటి కోసం ఎంపిక చేశారు?

సైబీరియన్ హస్కీ పూర్వీకులు రష్యా ఈశాన్య కొసన ఉన్న చుకోట్కా ప్రాంతంలో చుక్చీ ప్రజలు పెంచిన బండి కుక్కలు. ఆర్కిటిక్ ప్రాంతంలో కుక్కల చేత బండి లాగించడం చాలా పాత సంగతి. సైబీరియా ఉత్తరాన జోఖోవ్ దీవిలో దొరికిన సుమారు 9,500 ఏళ్ళ నాటి కుక్క జన్యువులను 2020లో పరిశీలించినప్పుడు, నేటి బండి కుక్కలకు దానితో దగ్గరి బంధుత్వం కనిపించింది. చుక్చీలకు కావలసింది కొండంత బరువును లాగే బలశాలి కాదు. తేలికపాటి బరువును, మధ్యస్థ వేగంతో, తక్కువ ఆహారం మీద, రోజుల తరబడి లాగగలిగే కుక్క కావాలి. బంగారు గనుల కాలంలో, 1909లో, రష్యన్ వ్యాపారి విలియం గూసాక్ ఈ కుక్కలను నోమ్‌కు తెచ్చినప్పుడు అక్కడివారు వాటి చిన్న ఆకారం చూసి నవ్వుకున్నారు. మరుసటి ఏడాది, 408 మైళ్ళ ఆల్ అలాస్కా స్వీప్‌స్టేక్స్ పందెంలో జాన్ జాన్సన్ సైబీరియా కుక్కల జట్టుతోనే గెలిచాడు. 1930లో అమెరికన్ కెన్నెల్ క్లబ్ దీనిని ప్రత్యేక జాతిగా గుర్తించింది. జాతి ప్రమాణం ప్రకారం మగకుక్క 20 నుంచి 27 కిలోలు, ఆడకుక్క 16 నుంచి 23 కిలోలు మించకూడదు. అంగడిలో కనిపించే, కొవ్వెక్కి 40 కిలోలు తూగే ‘జంబో హస్కీ’ గొప్పదనం కాదు, అది లోపం.

ఈ చరిత్ర తెలుసుకోవడం కాలక్షేపానికి కాదు. గొర్రెలు కాసే కుక్కను మనుషులు క్షణక్షణం కాపరి ముఖం చూసి పనిచేసేలా ఎంపిక చేశారు. అందుకే బోర్డర్ కోలీ, జర్మన్ షెపర్డ్ వంటివి మన కనుసన్న కోసం కాచుకుని ఉంటాయి. బండి కుక్క పని దీనికి పూర్తిగా భిన్నం. అది మనిషికి ముందు నడుస్తుంది, మనిషి దాని వెనక ఉంటాడు. ముందున్న మంచు పలచగా ఉందో, గట్టిగా ఉందో మనిషి కంటే ముందు దానికే తెలుస్తుంది. ‘పద’ అన్నా సరే, పగుళ్ళిచ్చిన మంచు మీద అడుగు వేయడానికి నిరాకరించే కుక్కే మంచి నాయకురాలు. ఇలా సొంత నిర్ణయం తీసుకునే గుణాన్ని తరతరాలుగా మెచ్చుకుని పెంచి, ఇప్పుడు హైదరాబాద్‌లోని మూడు పడకగదుల ఫ్లాటులోనో, డల్లాస్‌లోని ఇంటి పెరటిలోనో అదే గుణాన్ని తప్పుగా లెక్కించడం కుక్క విషయంలో న్యాయం కాదు.

పిల్లను తేకముందు: ఎండ

తెలుగు రాష్ట్రాలలో హస్కీ గురించి మాట్లాడేటప్పుడు శిక్షణ కంటే ముందు వేడి గురించి మాట్లాడాలి, ఎందుకంటే ఇది మారని వాటిలో మొదటిది. హస్కీకి రెండు పొరల బొచ్చు ఉంటుంది: లోపల ఉన్నిలాంటి దట్టమైన పొర, పైన నీటిని, గాలిని అడ్డుకునే పొడవైన వెంట్రుకలు. కుక్కకు చెమట గ్రంథులు ముఖ్యంగా అరికాళ్ళలోనే ఉంటాయి కనుక, ఒంటి వేడి తగ్గించుకోవడానికి అది ప్రధానంగా నాలుక చాచి వగర్చడం మీదే ఆధారపడుతుంది. వగర్చినప్పుడు నోటి తడి ఆవిరైతేనే వేడి తగ్గుతుంది. విశాఖపట్నం, విజయవాడల వంటి చోట్ల గాలిలో తేమ ఎక్కువగా ఉండడం వల్ల ఆ ఆవిరయ్యే ప్రక్రియే మందగిస్తుంది. రామగుండం, రెంటచింతల వంటి చోట్ల గాలి పొడిగా ఉన్నా, మే నెలలో ఉష్ణోగ్రత 44, 45 డిగ్రీలకు చేరుతుంది. ఉష్ణోగ్రత పది డిగ్రీలు దాటితేనే బండి కుక్కల శిక్షకులు పరుగు తగ్గించడమో, మానుకోవడమో చేస్తారన్న సంగతి గుర్తుంటే తేడా ఎంతటిదో తెలుస్తుంది.

కుక్క సాధారణ శరీర ఉష్ణోగ్రత సుమారు 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్. అది 40 దాటితే ఆందోళన పడాలి, 41కి చేరితే వడదెబ్బగా భావించి వెంటనే సాధారణ కుళాయి నీటితో తడిపి, ఫ్యాన్ గాలి తగిలేలా ఉంచి, పశువైద్యుడి దగ్గరకు తీసుకుపోవాలి. వేసవిలో బొచ్చు గొరిగిస్తే హాయిగా ఉంటుందనుకోవడం చాలామంది చేసే పొరపాటు. గొరిగితే చర్మానికి ఎండ నుంచి రక్షణ పోతుంది, పైగా ఈ రకం బొచ్చు గొరిగిన చోట మళ్ళీ సరిగ్గా మొలవకపోయే ప్రమాదం ఉంది. చేయవలసినది దువ్వడం. లోపలి పొర ఊడి పేరుకుపోకుండా వారానికి రెండు మూడుసార్లు, బొచ్చు విడిచే రోజుల్లో ప్రతిరోజూ దువ్వితే గాలి ఆడుతుంది. ఆ రోజుల్లో ఇల్లంతా బొచ్చే, దానికి మందు లేదు.

అంటే తెలుగునేల మీద హస్కీని పెంచడం అసాధ్యమని కాదు. మార్చి నుంచి జూన్ వరకు పగలంతా చల్లటి గది, తెల్లవారకముందే ఒక నడక, బాగా చీకటిపడ్డాక మరొక నడక, నడకకు ముందు అరచేతి వెనుక భాగాన్ని రోడ్డు మీద ఏడు సెకన్లు ఆనించి చూసి కాలకపోతేనే బయలుదేరడం, ఇవన్నీ 12 నుంచి 14 ఏళ్ళ పాటు చేయగలమా అని తమను తాము అడుక్కోవాలి. కరెంటు పోతే ఏమిటన్నది కూడా ఆ ప్రశ్నలో భాగమే. ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేని ఇంట్లో ఎంత మంచి శిక్షకుడు వచ్చినా ఫలితం ఉండదని నా అభిప్రాయం. వేడికి బయటికి పోలేని కుక్క తన శక్తినంతా ఇంటి సామాను మీదే ఖర్చు పెడుతుంది, దాన్ని మళ్ళీ మనం అల్లరి అంటాం.

తెచ్చుకోవాలనే నిర్ణయించుకుంటే వయసు, మూలం చూడాలి. కుక్కల పెంపకం, అమ్మకాల మీద 2017లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు, పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో నమోదై ఉండాలి. నెలరోజుల పిల్లను అంటగట్టేవారు తల్లి దగ్గర, తోబుట్టువుల దగ్గర అది నేర్చుకోవలసిన వాటిని దూరం చేస్తున్నారు. కొరికితే ఎదుటివారికి నొప్పి కలుగుతుందన్న తొలిపాఠం పిల్లకు తోబుట్టువుల నుంచే వస్తుంది. నీలికళ్ళకు అదనపు ధర చెల్లించనవసరం లేదు. అవి 18వ క్రోమోజోములో ఒక ముక్క రెట్టింపు కావడంతో ముడిపడి ఉన్నాయని 2018లో తేలింది, స్వభావానికి గాని, ఆరోగ్యానికి గాని అవి గుర్తు కావు. గోధుమరంగు కళ్ళు, ఒక్కో కన్ను ఒక్కో రంగు, అన్నీ జాతి ప్రమాణంలో ఉన్నవే. అడగవలసినది తల్లిదండ్రుల కళ్ళ పరీక్షల గురించి. ఈ జాతిలో వంశపారంపర్యంగా వచ్చే శుక్లాలు, రెటీనా క్షీణత ఉన్నాయి.

టీకాలా, పరిచయాలా?

పిల్ల ఇంటికి వచ్చిన తొలి నెలలో ఎదురయ్యే అసలు చిక్కు ఇది. కుక్కపిల్ల మెదడు కొత్త మనుషులను, శబ్దాలను, నేలలను, జంతువులను జంకు లేకుండా స్వీకరించే కాలం మూడవ వారంలో మొదలై 12 నుంచి 14 వారాలకు ముగింపుకు వస్తుంది. అమెరికాలోని బార్ హార్బర్‌లో జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ దీర్ఘకాలం జరిపి 1965లో ప్రచురించిన పరిశోధనతో ఈ విషయం స్థిరపడింది. మరోవైపు పార్వో, డిస్టెంపర్ అనే ప్రాణాంతక వైరస్ వ్యాధులకు వేసే టీకాలు ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలై, మూడు నాలుగు వారాలకొకసారి చొప్పున 16 వారాల వరకు సాగుతాయి. తల్లిపాల నుంచి వచ్చిన రక్షణ పదార్థాలు టీకా పనిని అడ్డుకుంటాయి, అవి ఏ పిల్లలో ఏ వారంలో తగ్గుతాయో ముందుగా చెప్పలేం, అందుకే ఇన్ని మోతాదులు. టీకాలన్నీ పూర్తయ్యాకే బయటి ప్రపంచం చూపిద్దామనుకుంటే అప్పటికి జంకు లేకుండా స్వీకరించే ఆ కాలం ముగిసిపోతుంది. అలాగని వీధిలో దింపితే పార్వో తగలవచ్చు. దాని వైరస్ మట్టిలో నెలల తరబడి బతికి ఉంటుంది, వీధికుక్కల సంచారం ఎక్కువగా ఉండే మన ఊళ్ళలో ఏ నేల శుభ్రమైనదో చెప్పలేం.

అమెరికాలోని పశు ప్రవర్తన నిపుణులైన వైద్యుల సంఘం 2008లోనే ఈ విషయంలో ఒక స్పష్టమైన వైఖరి తీసుకుంది: మొదటి టీకా వేసిన వారం తరువాత, శుభ్రమైన చోట, ఆరోగ్యంగా ఉన్న ఇతర పిల్లలతో కలిసే శిక్షణ తరగతులు మొదలుపెట్టవచ్చు, రోగభయంతో పరిచయాలను వాయిదా వేయవద్దు. తెలుగు పట్టణాలలో అటువంటి తరగతులు అన్నిచోట్లా లేవు కనుక దీన్ని మన పద్ధతిలో అమలు చేసుకోవాలి. పిల్లను చేతుల్లో ఎత్తుకునో, బుట్టలో పెట్టుకునో బజారుకు, గుడి వీధికి, బస్టాండు దగ్గరకు తీసుకుపోయి, నేల మీద దింపకుండా చూపించవచ్చు. ఆటో హారను, ప్రెషర్ కుక్కర్ విజిల్, మిక్సీ మోత, పెళ్ళి బ్యాండు, దీపావళి టపాసుల రికార్డు వంటి శబ్దాలను మొదట తక్కువ స్థాయిలో, తాయిలం తినిపిస్తూ వినిపించవచ్చు. టీకాలు పూర్తయిన, నెమ్మదస్తురాలైన పెద్ద కుక్క ఉన్న బంధువుల ఇంటికి తీసుకుపోవచ్చు. గడ్డం ఉన్నవారు, హెల్మెట్ పెట్టుకున్నవారు, కర్ర పట్టుకున్న తాతగారు, పరుగెత్తే పిల్లలు, అందరినీ అది చూడాలి. చూడడం అంటే అందరూ మీదపడి ఎత్తుకోవడం కాదు, పిల్ల వెనక్కి తగ్గితే దాని దూరాన్ని గౌరవించాలి.

గోమార్ల సంగతి కూడా మొదటి నెల నుంచే పట్టించుకోవాలి. దట్టమైన బొచ్చులో అవి కంటికి కనిపించవు, వాటివల్ల వచ్చే జ్వరాలు మన ప్రాంతంలో కుక్కల ప్రాణాల మీదికి తెస్తున్నాయి. చెవుల లోపల, వేళ్ళ సందుల్లో, మెడపట్టీ కింద వేలితో తడిమి చూడడం అలవాటు చేస్తే రెండు పనులు జరుగుతాయి: గోమారి దొరుకుతుంది, ఒళ్ళు ముట్టనివ్వడం పిల్లకు అలవాటవుతుంది. గోళ్ళు కత్తిరించే రోజున దీని విలువ తెలుస్తుంది.

తేలికగా నేర్పగలిగినవి

మలమూత్రాల అలవాటు, పళ్ళు పెట్టకపోవడం, తన చోట తాను పడుకోవడం, ఇవన్నీ హస్కీకి మిగతా కుక్కల మాదిరిగానే వస్తాయి. స్వతహాగా ఇది శుభ్రమైన కుక్క. నిద్ర లేవగానే, తిన్నాక, ఆడాక బయటికి తీసుకుపోవాలి, పని ముగించిన వెంటనే అక్కడికక్కడే మెచ్చుకోవాలి. వయసు ఎన్ని నెలలో సుమారుగా అన్ని గంటలకు మించి ఆపుకోలేదని గుర్తుంచుకుంటే లోపల జరిగే తప్పులకు దాన్ని నిందించవలసిన అవసరం రాదు. జరిగిపోయిన దానికి ముక్కు రుద్దడం, చెంపదెబ్బ కొట్టడం వల్ల అది నేర్చుకునేది ఒక్కటే, మన కంటపడకుండా సోఫా వెనుక పని కానిచ్చుకోవడం. కొరికినప్పుడు ఆట ఆపి లేచిపోవడం, నమలడానికి తగిన వస్తువు అందించడం, ఇంట్లో అందరూ ఒకే పద్ధతి పాటించడం చాలు. నాన్నగారు చెయ్యి అందించి కొరికించుకుంటూ నవ్వితే, అమ్మాయి ఎంత నేర్పినా పిల్లకు అయోమయమే.

తోడేలు పోలిక తెచ్చిన చిక్కు

హస్కీ చూపులకు తోడేలులా ఉండడం వల్ల దానికి జరిగిన కీడు ఇంతా అంతా కాదు. ‘గుంపుకు నాయకుడు నువ్వేనని దానికి తెలియజేయాలి’, ‘వెల్లకిలా పడదోసి గొంతు పట్టుకోవాలి’, ‘ముందు నువ్వు తిని తరువాత దానికి పెట్టాలి’ వంటి సలహాలు ఈ జాతి పెంపకందారులకు అందినంతగా మరే జాతివారికీ అందవు. ఈ భావన మూలాలు 1947లో రుడాల్ఫ్ షెంకెల్ బేసెల్ జంతు ప్రదర్శనశాలలోని తోడేళ్ళ మీద రాసిన పరిశీలనలో ఉన్నాయి. అక్కడ ఒకదానితో ఒకటి సంబంధం లేని తోడేళ్ళను ఇరుకైన ఆవరణలో కలిపి ఉంచారు, అవి పెత్తనం కోసం పోట్లాడుకున్నాయి. ఈ భావనను ప్రజల్లోకి తీసుకుపోయినవారిలో ఒకరైన అమెరికన్ శాస్త్రవేత్త డేవిడ్ మెక్, తరువాత కెనడాలోని ఎల్స్‌మియర్ దీవిలో అడవి తోడేళ్ళను ఏళ్ళ తరబడి గమనించి, 1999లో తన పాత మాటను తానే సవరించుకున్నాడు. అడవిలో తోడేళ్ళ గుంపు అంటే చాలావరకు తల్లి, తండ్రి, వాటి పిల్లలు. అక్కడ పెత్తనం కోసం కుస్తీలు లేవు, ఉన్నది కుటుంబం. పైగా కుక్క తోడేలు కాదు, మనిషి అసలే కాదు.

బలప్రయోగం హస్కీ విషయంలో రెండు విధాల నష్టం చేస్తుంది. మొదటిది ఏ కుక్కకైనా జరిగేదే: 2020లో పోర్చుగల్ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో, దండన మీద ఆధారపడిన శిక్షణ పొందిన కుక్కల్లో ఒత్తిడి లక్షణాలు, ఒత్తిడిలో ఊరే కార్టిసాల్ అనే హార్మోను స్థాయి ఎక్కువగా కనిపించాయి. రెండవది ఈ జాతికి ప్రత్యేకం. మనిషి మెప్పు మీద ప్రాణం పెట్టుకోని కుక్కకు మనిషి కోపం మీదా పెద్ద లెక్క ఉండదు. అది చేసే పని సులువైనది: మన నుంచి దూరంగా పోవడం. దూరంగా పోవడంలో దానిని మించినవి లేవు.

మరి దేనికి లొంగుతుంది? లాభసాటి బేరానికి. ఉడికించిన కోడిమాంసం చిన్న ముక్క, పనీర్, ఆట, తలుపు తెరుచుకోవడం, ముందుకు పరుగెత్తే అవకాశం, ఇవన్నీ దానికి కూలి కిందికి వస్తాయి. ‘తాయిలం ఉంటేనే మాట వింటుంది, ఇది లంచం కాదా’ అని పెద్దలు అడుగుతారు. పని చేయకముందు చూపించి ఆశపెడితే లంచం, చేశాక ఇస్తే జీతం. నేర్పే దశలో ప్రతిసారీ ఇవ్వాలి, వచ్చాక ఎప్పుడో ఒకసారి ఇవ్వాలి, కాని పూర్తిగా ఎగ్గొట్టకూడదు. పాఠం మూడు నాలుగు నిమిషాలకు మించకూడదు. ఒకే ‘కూర్చో’ను పదిసార్లు చేయిస్తే లాబ్రడార్ పదిసార్లూ కూర్చుంటుంది, హస్కీ మూడుసార్లు కూర్చుని నాలుగోసారి లేచిపోతుంది. దానికి అర్థంకాక కాదు, చేసిన పనినే మళ్ళీ ఎందుకు చేయాలో తోచక. కనుక పాఠాన్ని అది విసుగెత్తకముందే మనమే ముగించాలి.

లాగడం, పారిపోవడం

ఇక అదుపులో మాత్రమే ఉంచుకోగలిగిన వాటికి వస్తే, మొదటిది లాగడం. నడకకు ఒక పట్టీ, లాగడానికి మరొక పట్టీ అని రెండింటికీ వేర్వేరు అర్థాలు నేర్పడం ఇక్కడ బాగా పనిచేస్తుంది. మెడపట్టీ గాని, ఛాతీ ముందు కొక్కెం ఉన్న హార్నెస్ (ఒంటికి తొడిగే పట్టీ) గాని వేస్తే పక్కన నడవాలి, గొలుసు బిగుసుకుంటే నడక ఆగిపోతుంది, వదులైతే సాగుతుంది. వీపు మీద కొక్కెం ఉన్న లాగుడు హార్నెస్ వేస్తే లాగడమే పని. ఈ తేడా కుక్కకు త్వరగానే తెలుస్తుంది, మనకే ఓపిక చాలదు, ఎందుకంటే తొలివారాల్లో వీధి చివరకు చేరడానికి అరగంట పడుతుంది.

బండి కుక్కల శిక్షకులు వాడే ఆజ్ఞలు కొన్నే: కుడికి ‘జీ’, ఎడమకు ‘హా’, బయలుదేరడానికి ‘హైక్’, ఆగడానికి ‘వో’, దారిలో కనిపించినదాన్ని పట్టించుకోకుండా సాగిపొమ్మనడానికి ‘ఆన్ బై’. వీటిని రోజువారీ నడకలోనే, మలుపు తిరిగే ప్రతిసారీ అంటూ ఉంటే పిల్ల నాలుగైదు నెలల వయసుకే అందుకుంటుంది. తెలుగు మాటలైనా పరవాలేదు, ఒకదానికొకటి వినడానికి వేరుగా ఉంటే చాలు. వీధికుక్కలు ఎదురయ్యే మన వీధుల్లో వీటన్నిటిలోకీ విలువైనది చివరిది. పల్లెల్లో కోడెదూడను కాడికి అలవాటు చేసేటప్పుడు పనితెలిసిన ముసలి ఎద్దు పక్కన కడతారు. బండి కుక్కల లోకంలోనూ పద్ధతి అదే, కొత్తపిల్లకు పాఠం చెప్పేది అనుభవమున్న జతకుక్క. ఇంట్లో ఒక్క కుక్కే ఉన్నవారికి ఆ సదుపాయం ఉండదు కనుక ఆ ఓపిక మనిషి చూపవలసి ఉంటుంది. ఒక జాగ్రత్త తప్పనిసరి: ఎముకల చివర్లు గట్టిపడే వరకు, అంటే ఏడాది నుంచి ఏడాదిన్నర వయసు వచ్చే వరకు, నిజమైన బరువు లాగించడం, సైకిలు పక్కన పరుగెత్తించడం తగదు. ఎనిమిది నెలల టోగో కథ గొప్పదే, అనుకరించదగినది మాత్రం కాదు.

రెండవది పిలుపుకు తిరిగిరావడం. ఈ విషయంలో నిర్మొహమాటంగా చెప్పుకోవాలి: కంచె లేని చోట హస్కీని గొలుసు విప్పి వదలకూడదు. దానికి పిలుపు నేర్పవద్దని కాదు. ఇంటి లోపల మొదలుపెట్టి, మేడ మీద, ఆపై మైదానంలో పది మీటర్ల పొడవైన తాడు కట్టి, పిలిచిన ప్రతిసారీ దానికి అత్యంత ఇష్టమైనది ఇస్తూ నేర్పాలి. వచ్చాక తిట్టకూడదు, వచ్చిన ప్రతిసారీ గొలుసు కట్టి ఇంటికి లాక్కుపోకూడదు. పదిసార్లలో తొమ్మిదిసార్లు వస్తుంది. ఆ పదోసారి పిల్లి పరుగెత్తడమో, కోడి ఎగరడమో జరుగుతుంది, అప్పుడు దాని చెవికి మన గొంతు చేరదు. రహదారి పక్కన ఆ పదోసారికి అవకాశం ఇవ్వలేం. వేసవిలో చుక్చీలు ఈ కుక్కలను విప్పి వదిలితే అవే వేటాడుకుని బతికేవి, ఆ వేటగుణం ఈనాటికీ చెక్కుచెదరలేదు. ఇంట్లో కోళ్ళు, కుందేళ్ళు, చిలకలు ఉన్నవారు ఈ వాక్యాన్ని రెండుసార్లు చదువుకోవడం మంచిది. కంచె కనీసం ఆరడుగుల ఎత్తు ఉండాలి, అడుగున తవ్వకుండా రాళ్ళో, ఇనుపవలో భూమిలోకి దించాలి. అమెరికాలో స్థిరపడిన తెలుగువారి ఇళ్ళలో పెరటి కంచె ఉంటుందిగా అని ధీమాగా ఉంటారు, కాని అక్కడి కంచెల్లో చాలావాటిని పెద్ద హస్కీ ఒక్క గెంతులో దాటగలదు. మెడలో ఫోన్ నంబరు ఉన్న బిళ్ళ, చర్మం కింద మైక్రోచిప్ ఎక్కడున్నా ఉండవలసినవే.

మూడవది ఒంటరితనం. జట్టులో పని చేసి, జట్టులోనే నిద్రించిన జాతి ఇది. ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం ఏడు వరకు తాళం వేసిన ఫ్లాటులో అది ఊళ పెడితే అది సహజం, పొరుగువారు ఫిర్యాదు చేస్తే అదీ సహజం. పెంపుడు కుక్కలను అపార్టుమెంటు సంఘాలు నిషేధించరాదని భారత జంతు సంక్షేమ మండలి మార్గదర్శకాలు చెబుతున్నాయి నిజమే, కాని చట్టం మనవైపు ఉన్నంతమాత్రాన పక్కింటి పసిబిడ్డ నిద్ర నిలవదు. పిల్లగా ఉన్నప్పుడే రెండు నిమిషాలు, ఐదు నిమిషాలు, పావుగంట చొప్పున పెంచుకుంటూ పోయి, వెళ్ళేటప్పుడు, వచ్చేటప్పుడు హడావిడి చేయకుండా అలవాటు చేయాలి. వెళ్ళే ముందు ఒళ్ళు అలిసేలా నడిపించడంతోపాటు బుర్ర అలిసేలా పని పెట్టాలి: పాత తువ్వాలులో కుక్క ఆహారపు గింజలు చుట్టి విప్పుకోమనడం, గదుల్లో ఆహారం దాచి వాసనతో వెతికించడం, మంచుగడ్డలో పండ్లముక్కలు బిగించి ఇవ్వడం. వేసవి మధ్యాహ్నాల్లో ఈ చివరిది చక్కగా పనికివస్తుంది.

పెరుగన్నం ప్రశ్న

ఆహారం గురించి క్లుప్తంగా. హస్కీ తన ఆకారాన్ని బట్టి మనం ఊహించినదానికంటే తక్కువ తింటుంది, ఒక పూట మానేసినా కంగారు పడనవసరం లేదు. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాక్లెట్ పెట్టకూడదన్నది అన్ని కుక్కలకూ వర్తించేదే. ఈ జాతికి ప్రత్యేకమైనది జింకు సమస్య. కొన్ని హస్కీల పేగులు ఆహారంలోని జింకును సరిగా గ్రహించలేవు, అప్పుడు కళ్ళ చుట్టూ, మూతి దగ్గర, అరికాళ్ళ మీద పొక్కులుకట్టి బొచ్చు రాలుతుంది. ధాన్యాల్లోని ఫైటేట్లు అనే పదార్థాలు, అదనపు కాల్షియం ఈ స్థితిని మరింత పెంచుతాయి. మన ఇళ్ళలో ప్రేమగా పెట్టే పెరుగన్నం ఒక్కటే ఆహారమైతే దానిలో జింకు ఎలాగూ తక్కువ. దానికి తోడు మందుల దుకాణంలో ఎవరో చెప్పారని కాల్షియం సిరప్ పోస్తే మరింత చెరుపు. కుక్కపిల్లల కోసం తయారైన సమతుల ఆహారం పెడుతున్నప్పుడు విడిగా కాల్షియం అవసరం లేదు, ఎదిగే ఎముకలకు అది హాని కూడా. పొక్కులు కనిపిస్తే బొచ్చురాలే రోగమని నూనెలు రాయకుండా పశువైద్యుడికి చూపించాలి.

ఆరు నెలల తరువాత

ఐదో నెల వరకు చెప్పినట్టల్లా విన్న పిల్ల ఆరో నెల నుంచి ఏమీ నేర్వనట్టు ప్రవర్తించడం మొదలుపెడుతుంది. ఇది కౌమారం, ఏడాదిన్నర వరకు, కొన్నింటిలో రెండేళ్ళ వరకు సాగుతుంది. నేర్చినది పోలేదు, పరిసరాల మీద ఆసక్తి దాన్ని కమ్మేసింది. చాలామంది చేతులెత్తేసేది ఈ దశలోనే. తోడేళ్ళున్న ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ అనే ప్రసిద్ధ టెలివిజన్ ధారావాహిక వల్ల హస్కీలకు గిరాకీ పెరిగి, ఆపై వదిలేసినవాటితో ఆశ్రయాలు నిండుతుండగా, 2017లో అందులోని నటుడు పీటర్ డింక్లేజ్ ఇలా మోజుపడి కొనవద్దని అభిమానులకు విజ్ఞప్తి చేయవలసి వచ్చింది. ఆశ్రయాలకు చేరే హస్కీలలో పసిపిల్లలు అరుదు, ఎక్కువభాగం ఇలా కౌమారంలో వదిలేసినవే. ఈ నెలల్లో చేయవలసినది కొత్త పాఠాలు పెంచడం కాదు. పొడవైన తాడు మళ్ళీ బయటికి తీయాలి, తాయిలం విలువ పెంచాలి, పాత పాఠాలను సులువైన చోట నుంచి తిరిగి మొదలుపెట్టాలి, గేటు గడియ రెండుసార్లు చూసుకోవాలి. గర్భనిరోధక శస్త్రచికిత్స ఏ వయసులో చేయించాలన్నది ఎముకల ఎదుగుదలను దృష్టిలో పెట్టుకుని పశువైద్యుడితో మాట్లాడి నిర్ణయించుకోవాలి, అది చేయించినంత మాత్రాన పరుగు తగ్గుతుందని ఆశించకూడదు.

ఈ దశ దాటించే తీరిక లేనివారికి, అయినా హస్కీయే కావాలనుకునేవారికి, మూడు నాలుగేళ్ళ వయసు వచ్చిన కుక్కను దత్తత తీసుకునే మార్గం ఉంది. హైదరాబాద్, బెంగళూరు వంటి నగరాల్లో పెంచలేక వదులుకుంటున్న హస్కీలు తరచూ కొత్త ఇళ్ళ కోసం ఎదురుచూస్తుంటాయి. ఆ వయసుకు దాని స్వభావం బయటపడి ఉంటుంది: పిల్లులతో ఎలా ఉంటుందో, ఒంటరిగా ఎంతసేపు ఉండగలదో, ఎండాకాలం ఎలా గడిపిందో పాత ఇంటివారినే అడిగి తెలుసుకోవచ్చు.